చిత్రం పక్కన ఏ కథ చెప్పాలి?

మిశ్రమ మాధ్యమంలో, అంటే రంగులతో పాటు కాగితం, దారం లాంటి వస్తువులనూ కలిపి, పనిచేసే చిత్రకారులకు ఎదురయ్యే ప్రశ్నల్లో రెండు మాత్రం తప్పనిసరిగా ఉంటాయి. మొదటిది, దీన్ని దేనితో చేశారు అని. రెండవది, దీనికి ప్రేరణ ఏమిటి అని. మొదటిదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి, రెండవదానికి పేరాలకు పేరాలు రాయడం మాలో చాలామందికి అలవాటు. చిత్రం కింద చిన్న అక్షరాల్లో ‘కాన్వాసుపై యాక్రిలిక్, కాగితం, దారం’ అని ఉంటుంది. ఆ పక్కనే జ్ఞాపకాల గురించి, కోల్పోయిన బాల్యం గురించి, ప్రకృతికీ మనిషికీ ఉన్న బంధం గురించి నిండు పుట ఒకటి ఉంటుంది. ఆ పుటను తీసుకెళ్లి ఇంకో చిత్రం పక్కన అతికించినా ఎవరికీ తేడా తెలియదు. ఈ నిష్పత్తి తలకిందులుగా ఉందని నా వాదన. మిశ్రమ మాధ్యమ చిత్రాల విషయంలో పంచుకోవలసిన అసలు కథ పదార్థాలది: ఏ వస్తువు ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని ఏం చేశాం, అది మనతో ఏం చేయించింది, చివరికి ఏది కనబడుతోంది, ఏది అడుగున ఉండిపోయింది. ప్రేరణ అని మనం పిలుచుకునేది ఆ కథలోనే ఉంటుంది తప్ప దానికి ముందు, దానికి వెలుపల ఎక్కడో ఉండదు.

ఈ మాట అన్ని రకాల చిత్రకళకూ చెల్లుతుందని నేను అనడం లేదు. తైలవర్ణాలతో మాత్రమే పనిచేసేవారు ఒక దృశ్యాన్ని మనసులో ముందుగా ఊహించుకుని, దాన్ని కాన్వాసు మీదికి తెచ్చే ప్రయత్నం చేయవచ్చు. ట్యూబులోంచి పిండిన నీలిరంగుకు చెప్పుకోదగ్గ గతం లేదు. అది చిత్రకారుడు ఏం చేయమంటే అది చేయడానికే తయారైంది. చిరిగిన టికెట్టు ముక్కో, గోడ మీంచి ఊడదీసిన పోస్టరు పేలికో, పాత లెక్కల పుస్తకంలోని కాగితమో అలాంటిది కాదు. అది ఇంకెవరి పని కోసమో పుట్టి, ఆ పని ముగించుకుని, తన మీద అచ్చునూ మరకలనూ మడతలనూ మోసుకుంటూ మన బల్ల మీదికి వస్తుంది. దానికి మనకంటే ముందే ఒక బతుకుంది. దాన్ని పట్టించుకోకుండా ‘నా అంతరంగంలోంచి ఈ చిత్రం పుట్టింది’ అని రాసుకోవడం కొంచెం అన్యాయం.

కొలాజ్ అని పిలిచే ఈ అతికింపు ప్రక్రియ ఆధునిక కళలో మొదలైన తీరు చూసినా ఇదే కనబడుతుంది. 1912 సెప్టెంబరులో ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ బ్రాక్ దక్షిణ ఫ్రాన్సులోని సోర్గ్ అనే చిన్న ఊళ్లో ఉండగా, దగ్గరలోని అవిన్యోఁ పట్టణంలో ఒక దుకాణం అద్దాల వెనక చెక్క నమూనా అచ్చువేసిన వాల్‌పేపరును చూశాడు. అప్పటిదాకా తన పక్కనే పనిచేస్తున్న పికాసో పారిస్‌కు బయలుదేరేంతవరకూ ఆగి, ఆ తరువాత వెళ్లి ఆ కాగితం కొనుక్కుని, ముక్కలుగా కోసి, బొగ్గుతో గీసిన పండ్ల గిన్నె, గ్లాసు బొమ్మలో అతికించాడు. ఆగడంలో ఉన్న ఆ చిన్న గడుసుదనం నాకు భలే ఇష్టం. అయితే అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. బ్రాక్ గోడలకు రంగులువేసి అలంకరించే వృత్తి నేర్చుకున్నవాడు. ఆ పని వాళ్ల కుటుంబానిది. పచ్చి రంగు మీద దువ్వెన లాగి చెక్క ఈనెలను పుట్టించడం అతనికి చేతనైన విద్య. కాబట్టి దుకాణంలో ఆ కాగితాన్ని ఎందరు చూసినా, అది పనికొచ్చే వస్తువుగా బ్రాక్ కంటికే కనబడింది. అదే ఏడాది మే నెలలో పికాసో పేము అల్లిక అచ్చువేసిన నూనెగుడ్డను కోడిగుడ్డు ఆకారపు చిన్న కాన్వాసు మీద అతికించి, చుట్టూ తాడు చుట్టి చట్రంగా పెట్టాడు. ఈ రెండింటిలోనూ ఆలోచన వస్తువు వెంట వచ్చింది. ఆలోచన ముందు పుట్టి దానికి తగిన వస్తువు కోసం వెతికినట్టు లేదు.

జర్మన్ చిత్రకారిణి హన్నా హోఖ్ విషయంలో ఇది మరింత స్పష్టం. ఆమె 1916 నుంచి పదేళ్లపాటు బెర్లిన్‌లోని ఉల్‌స్టైన్ ప్రచురణ సంస్థలో, మహిళల పత్రికలకోసం అల్లికల, ఎంబ్రాయిడరీ నమూనాలు గీసే ఉద్యోగం చేసింది. ఫొటో పత్రికలు, లేసు డిజైన్లు, కుట్టు నమూనాలు రోజూ ఆమె చేతిలో ఆడేవి. ఆమె కత్తిరించి అతికించిన రాజకీయ నాయకుల తలలు, యంత్రాల చక్రాలు, నాట్యకత్తెల కాళ్లు ఆ బల్ల మీది సరుకే. ఆ కాలపు మరో జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ తన కళకంతటికీ పెట్టుకున్న ‘మెర్ట్స్’ అనే పేరు కూడా ఒక బ్యాంకు ప్రకటనలోంచి కత్తిరించిన ముక్కలో మిగిలిన అక్షరాలే. వీళ్ల ప్రేరణ ఏమిటని అడిగితే మొదటి ప్రపంచ యుద్ధం, ఆ తరువాతి ద్రవ్యోల్బణం, కొత్త గణతంత్రం అని పెద్ద మాటలు చెప్పుకోవచ్చు. అవి అబద్ధాలూ కావు. కానీ అదే యుద్ధాన్ని, అదే ద్రవ్యోల్బణాన్ని చూసిన చిత్రకారులు వందలమంది ఉన్నారు. హోఖ్‌ను హోఖ్‌గా నిలబెట్టింది ఆమె బల్ల మీద పోగుపడ్డ కాగితాలు.

ఇంకా వెనక్కు వెళితే, మేరీ డిలేనీ అనే ఇంగ్లీషు వృద్ధురాలు కనబడుతుంది. 1772లో, డెబ్బై రెండేళ్ల వయసులో, ఒక జెరేనియం పువ్వు రేకకూ బల్లమీదున్న ఎర్ర కాగితానికీ రంగులో ఉన్న పోలికను గమనించి ఆమె కత్తెర పట్టుకుంది. చూపు మందగించేంతవరకూ సుమారు పదేళ్లలో, నల్లటి నేపథ్యం మీద వెయ్యికి కాస్త తక్కువగా పూల చిత్రాలను కాగితపు ముక్కలతో నిలిపింది. వాటిలో కొన్నిచోట్ల అసలైన ఎండుటాకును కూడా అతికించింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక చిన్న కాగితం ముక్క ఒక రేకలా కనబడటం అంత పనిచేయించింది! దీనికి భిన్నమైన దారిలో అదే చోటుకు చేరినవాడు శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ. 1957 ప్రాంతంలో చూపు పూర్తిగా కోల్పోయాక ఆయన రంగు కాగితాలను కత్తిరించి అతికించే పని చేపట్టాడు, ఎందుకంటే కాగితం అంచును వేలు చదవగలదు. కుంచె వదిలిన తడి గీతను చదవలేదు. ఆ చిత్రాల ఎదుట నిలబడి అంధత్వం మీద వ్యాసం రాయడం సులభం. కత్తిరించిన అంచుకు స్పర్శ ఉంటుందన్న సంగతి గమనించడానికి మాత్రం ఆ పనిని కొంతైనా చేసి ఉండాలి.

ప్రేరణ కథల ప్రమాదం ఎంత దూరం పోగలదో చెప్పడానికి జర్మన్ కళాకారుడు యోజెఫ్ బోయిస్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. గడ్డకట్టిన కొవ్వు, ఉన్నిని ఒత్తి తయారుచేసే దట్టమైన ఫెల్ట్ బట్ట, ఈ రెండూ ఆయన కళకు గుర్తులు. వాటి వెనక ఆయన చెప్పిన కథ ప్రపంచమంతా పాకింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 మార్చిలో ఆయన ఉన్న జర్మన్ యుద్ధవిమానం క్రిమియాలో కూలిపోయిందనీ, సంచార తాతార్లు ఆయన్ను మంచులోంచి తీసి, ఒంటికి కొవ్వు పూసి, ఫెల్ట్ చుట్టి, వెచ్చగా ఉంచి బతికించారనీ ఆ కథ. విమానం కూలడం నిజమే, పైలట్ చనిపోవడం నిజమే. కానీ జర్మన్ గాలింపు దళమే బోయిస్‌ను కనుగొన్నదనీ, మర్నాటికే ఆయన సైనిక ఆసుపత్రిలో చేరి మూడు వారాలు అక్కడే ఉన్నాడనీ రికార్డులు చెబుతున్నాయి. తాతార్ల జాడ వాటిలో లేదు.

కథ కల్పితమైనంత మాత్రాన ఆ కొవ్వూ ఆ ఫెల్టూ విలువ కోల్పోయాయని నేను అనను. కొవ్వు వేడికి కరిగి చలికి గడ్డకడుతుంది, ఒక రూపంలో నిలవదు. ఫెల్ట్ వేడినీ శబ్దాన్నీ తనలో దాచుకుంటుంది. ఈ గుణాలు నిజం. వాటిని చూపించడానికి ఆ వస్తువులు చాలు. కథ వచ్చి ఏం చేసిందంటే, చూసేవాళ్ల దృష్టిని ఆ గుణాల మీంచి తప్పించి బోయిస్ ప్రాణం మీదికి తిప్పింది. ఫెల్టు చుట్టలను చూసిన ప్రతివాడూ మంచులో పడి ఉన్న యువకుణ్ణి చూడటం మొదలుపెట్టాడు. కథ అబద్ధమని తేలాక, అదే ఫెల్టును చూసి మోసాన్ని చూడటం మొదలుపెట్టారు. రెండు సందర్భాల్లోనూ ఫెల్టును సరిగా చూసినవాళ్లు తక్కువ. అంతకంటే ఇబ్బందికరమైన మాట ఒకటుంది: తనను రక్షించినవాళ్ల కథ ప్రచారంలోకి రావడంతో, ఆ విమానం అక్కడ ఏం చేయడానికి ఎగిరిందన్న ప్రశ్న చాలాకాలం పక్కకు పోయింది.

ఇంత పెద్దది కాకపోయినా, ఇలాంటి కథ నా చిత్రాలకూ ఒకటి దాదాపు అంటుకుంది. దుస్తులు కుట్టుకునేవారికోసం పలుచని టిష్యూ కాగితం మీద అచ్చువేసి అమ్మే కత్తిరింపు నమూనాలతో నేను కొన్ని చిత్రాలు చేశాను. వాటిలో పెద్దది, వీపు చూపుతూ నిలబడ్డ ఒక స్త్రీ రూపం. దాన్ని చూసిన ఒకావిడ చాలాసేపు నిలబడి, ‘మీ అమ్మగారు బట్టలు కుట్టేవారా?’ అని అడిగింది. ఆ గొంతులో ఎంత ఆర్ద్రత ఉందంటే, లేదని చెప్పడానికి నాకే మొహమాటమేసింది. మా ఇంట్లో ఎవరికీ కుట్టుపని రాదు. అవునని తలూపితే ఆ చిత్రానికి ఒక జీవితకాలానికి సరిపడా కథ దొరికేది, బహుశా కొనేవాళ్లూ దొరికేవాళ్లు. లేదని చెప్పి, అసలు జరిగినదాన్ని చెప్పాను. అదే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను.

ఆ కాగితాలు ఒక పాత సామాను కట్టలో దొరికాయి. మొదట నన్ను ఆకర్షించింది వాటి మీది గీతలు. ఇలాంటి నమూనాల్లో ఒకే కాగితం మీద అయిదారు సైజులు ఒకదానిలో ఒకటి ఇమిడేలా అచ్చువేస్తారు. భుజం దగ్గర, చంక ఒంపు దగ్గర, నడుము దగ్గర గీతలు దాదాపు కలిసిపోయేంత దగ్గరగా వచ్చి, మళ్లీ తుంటి దగ్గర విడిపోతాయి. ఒక సైజుకు నిండు గీత, మరొక సైజుకు చుక్కల గీత, ఇంకొకదానికి గీతా చుక్కా కలిసినది. కుట్టేవారు తమకు కావలసిన సైజు గీతను పట్టుకుని కత్తిరించుకుంటారు. ఇదంతా కాగితం ఆదా కోసం, ఒకే అచ్చుతో అందరికీ అమ్ముకోవడం కోసం తయారీదారులు చేసుకున్న ఏర్పాటు. కానీ కత్తిరించని నమూనాను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూసినప్పుడు, ఒకే శరీరం అయిదారు వయసుల్లో ఒకేసారి నిలబడినట్టు కనబడింది. ఆ చిత్రంలో ఆలోచన అంటూ ఏదైనా ఉంటే అది ఇదే. దాన్ని నాకు ఇచ్చింది ఒక కర్మాగారపు పొదుపు లెక్క.

ఆ తరువాత జరిగినదంతా కాగితంతో పేచీ. ప్లైవుడ్ పలక మీద రంగు పట్టడానికి వేసే తెల్లటి అడుగుపూత జెస్సోను రెండుసార్లు వేసి, గరుకు కాగితంతో రుద్ది, బూడిదా గోధుమా కలిసిన యాక్రిలిక్‌ను పలుచగా పరిచాను. అది ఆరాక, జిగురులా పనిచేసే మెరుపులేని మ్యాట్ మీడియం పూసి, దాని మీద టిష్యూను వాల్చాను. మ్యాట్ మీడియం తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉండి, ఆరేకొద్దీ పారదర్శకమవుతుంది. టిష్యూ దాన్ని పీల్చుకుని తాను కూడా దాదాపు అద్దంలా మారిపోతుంది, దాంతో కాగితం మాయమై గీతలు మాత్రం రంగు మీద తేలుతున్నట్టు కనబడతాయి. అయితే తడిసిన కాగితం సాగుతుంది, అదీ అన్నివైపులా సమానంగా సాగదు; నారలు ఉన్న దిశకు అడ్డంగా ఎక్కువ సాగుతుంది. మధ్యనుంచి అంచులకు మెత్తటి కుంచెతో ఎంత జాగ్రత్తగా నొక్కినా, చంక ఒంపు దగ్గరనుంచి వెన్ను వైపుకు సన్నటి ముడతలు లేచాయి. వాటిని సూదితో గుచ్చి గాలి తీసి చదును చేయవచ్చు. కానీ అవి లేచిన చోటు వీపు మీద చర్మం నిజంగా ముడతపడే చోటే. కాబట్టి ఉంచేసి, ఆరిన తరువాత బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగును పలుచని పూతగా వేసి, వెంటనే బట్టతో తుడిచాను. రంగు ముడతల లోతుల్లో మాత్రం నిలిచింది. చూసినవాళ్లు ఆ వీపును ‘సజీవంగా ఉంది’ అన్నప్పుడు, వాళ్లు మెచ్చుకుంటున్నది టిష్యూ కాగితపు నారల దిశను. నేను చేసినదల్లా అడ్డుపడకపోవడం, అది కూడా ఒక నిర్ణయమేనని నేను నమ్ముతాను.

తపాలా కవర్ల లోపలి వైపు వాడి చేసిన చిత్రాల గురించి అంతసేపు చెప్పను. ఉత్తరం బయటికి చదవబడకుండా కవరు లోపల నీలిరంగులోనో బూడిదరంగులోనో అడ్డదిడ్డపు గీతలు దట్టంగా అచ్చువేస్తారు. వందల కవర్లు విప్పి చూస్తే తప్ప ఆ నమూనాల్లో ఎన్ని రకాలున్నాయో తెలియదు. దాచడానికే పుట్టిన ఆ గీతలను కిటికీల చిత్రాలకు వాడాను. అంతే.

ఇంతవరకూ చదివినవారికి ఒక అభ్యంతరం కలగడం న్యాయమే. మీడియం, జెస్సో, నారల దిశ అంటూ చెప్పుకుపోతే చిత్రం వంటింటి పద్ధతిగా మారిపోదా, అందులోని అనుభూతి ఏమవుతుంది అని. దీనికి జవాబుగా ఇటలీ చిత్రకారుడు ఆల్బెర్టో బుర్రీని తలచుకోవాలి. ఆయన వైద్యుడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ సైన్యంలో పనిచేస్తూ పట్టుబడి, అమెరికాలోని టెక్సస్‌లో హెరిఫర్డ్ యుద్ధఖైదీల శిబిరంలో ఉన్నప్పుడు బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. 1950 దశకంలో ఆయన చిరిగిన గోనెసంచులను కుట్టి, మాసికలు వేసి, సందుల్లోంచి ఎరుపు కనబడేలా చేసిన చిత్రాలు పేరుపొందాయి. వైద్యుడు, యుద్ధం, ఖైదు, కుట్లు, ఎరుపు: ఇన్ని దొరికాక విమర్శకులు ఊరుకుంటారా? గోనెపట్టా గాయమైంది, దారం శస్త్రచికిత్స అయింది. బుర్రీ మాత్రం జీవితాంతం అలాంటి వివరణలు ఇవ్వడానికి ఇష్టపడలేదు. తన చిత్రాల్లో ఉన్నది రూపమూ, స్థలమూ, వాటి మధ్య తూకమూ అన్న వైఖరిమీదే నిలబడ్డాడు. ఆయన నోరు విప్పకపోయినా గాయం కథ ఆగలేదు. అంటే, అనుభూతి కోసం చిత్రకారుడు బెంగపడనవసరం లేదు. గోనెసంచి చిరుగును చూసి గాయాన్ని తలచుకునే శక్తి చూసేవారికి ఎప్పుడూ ఉంటుంది; వాళ్లకు తెలియనిది, మనం చెప్పకపోతే ఎప్పటికీ తెలియనిది, ఆ సంచిలో ఏముండేది, ఆ చిరుగు దానికి ముందే ఉందా, మనం చించామా అన్నది.

అయితే బుర్రీలా పూర్తిగా మౌనం వహించాలని కూడా నేను అనడం లేదు. ఆ మౌనంలో నాకు కొంత పెద్దరికం వినిపిస్తుంది. అడిగినవారికి జవాబు చెప్పడం మర్యాద. ఏం చెప్పాలన్నదే ప్రశ్న.

వస్తువు కథ చెప్పడం మర్యాదను మించి బాధ్యత అయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రాషెన్‌బర్గ్ 1959లో చేసిన ‘కేన్యన్’ అనే చిత్రంలో, కాన్వాసు ముందుకు రెక్కలు చాచి పొడుచుకువచ్చిన నిజమైన బట్టతల గద్ద (బాల్డ్ ఈగిల్) ఒకటి ఉంది, చనిపోయాక లోపల పొట్టు కూరి నిలబెట్టినది. ఆ పక్షిని కలిగి ఉండటం, అమ్మడం అమెరికాలో 1940 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చిత్రంతో పేచీ వచ్చినప్పుడు అధికారులు రాషెన్‌బర్గ్‌ను ప్రేరణ గురించి అడగలేదు. గద్ద ఎక్కడిదని అడిగారు. ఆ చట్టం రాకముందే ఎవరో చంపి కూర్చిన పక్షి అది అని ఆయన నోటరీ చేయించిన వాంగ్మూలం ఇవ్వవలసి వచ్చింది. తరువాత ఆ చిత్రం యజమానురాలు మరణించినప్పుడు, అమ్మడానికి వీల్లేదు కాబట్టి దాని విలువ సున్నా అని వారసులు అంచనా కట్టించగా, పన్ను శాఖ మాత్రం 6.5 కోట్ల డాలర్లని లెక్కగట్టింది. చివరికి 2012లో దాన్ని న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియంకు దానం చేయడంతో తగువు తీరింది. చిత్రంలో ఆ గద్ద గ్రీకు పురాణంలోని ఏ పక్షికి సంకేతమన్న చర్చ వేరే జరుగుతూనే ఉంది, జరగనివ్వండి. కానీ ఆ చిత్రాన్ని నిలబెట్టింది పక్షి ఎక్కడినుంచి వచ్చిందన్న మాట.

కాలం సంగతి కూడా ఇలాగే ఉంటుంది. వార్తాపత్రికల కాగితం చౌకగా నలగ్గొట్టిన చెక్కగుజ్జుతో చేస్తారు కాబట్టి దానిలో చెక్కకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ. వెలుతురూ గాలీ తగిలేకొద్దీ ఆ కాగితం పసుపుబారి, తరువాత గోధుమరంగుకు తిరిగి, పెళుసవుతుంది. 1912–13 ప్రాంతంలో పికాసో, బ్రాక్ అతికించిన పత్రికల ముక్కలు అప్పుడు దాదాపు తెల్లగా, పక్కనున్న కాగితంతో కలిసిపోయేలా ఉండేవి. ఇవాళ మ్యూజియంలో వాటి వెచ్చని తేనెరంగు చూసి మురిసిపోయేవారు, కాలం వేసిన రంగును వాళ్ల ఖాతాలో జమకడుతున్నారు. అమెరికన్ చిత్రకారుడు జాస్పర్ జాన్స్ 1954–55లో చేసిన ‘ఫ్లాగ్’ విషయంలో కాలం ఇంకోలా, రంగు ఆరే సమయంగా, పనిచేసింది. అమెరికా జెండాను వేస్తున్నట్టు కల వచ్చిందని ఆయన చెప్పుకున్నాడు, అది అందరికీ తెలిసిన ప్రేరణ కథ. కానీ కలలో జెండా వచ్చినవాడు మామూలు రంగుతో కూడా దాన్ని వేయగలడు. నిజానికి ఆయన ఎనామెల్ రంగుతోనే మొదలుపెట్టాడు. ఒక పూత ఆరేదాకా ఆగడం కుదరక కరిగించిన మైనం వైపు తిరిగాడు. వేడి మైనం చల్లబడగానే గట్టిపడుతుంది కాబట్టి ప్రతి కుంచె వేటూ దానికదే విడిగా నిలిచిపోయింది, అడుగున పత్రిక ముక్కల అక్షరాలు మైనంలోంచి మసకగా కనబడుతూ ఉండిపోయాయి. ఆ చిత్రాన్ని దగ్గరికి వెళ్లి చూసేలా చేసేది ఆ ఆరుదల వేగమే. కల గురించి చదివినవారు దూరంనుంచే ‘ఓహో, జెండా’ అనుకుని వెళ్లిపోవచ్చు.

అందుకే ఒక చిత్రాన్ని నలుగురితో పంచుకునేటప్పుడు ‘మిశ్రమ మాధ్యమం’ అని రాసి వదిలేయడం నాకు సోమరితనంగా తోస్తుంది. ఏ జిగురు వాడామో, యాక్రిలిక్ మీద నూనెరంగు వేశామా లేదా, వార్నిష్ ఉందా లేదా అన్నవి చెప్పాలి. యాక్రిలిక్ మీద నూనెరంగు పట్టుకుంటుంది, నూనెరంగు మీద యాక్రిలిక్ మాత్రం పట్టుకోక కొన్నేళ్లకు పెచ్చులుగా లేస్తుంది. రేపు ఆ చిత్రాన్ని బాగుచేయడానికి కూర్చునే మనిషికి ఏ పొర ఏదో తెలియకపోతే తుడిచే గుడ్డ కూడా ఆయుధమవుతుంది. ‘కాలం యొక్క క్షణికత నన్ను కదిలించింది’ అన్న వాక్యం ఆ మనిషికి ఎందుకూ పనికిరాదు.

చెప్పకుండా ఉండవలసినవీ ఉన్నాయి, వాటి గురించి ఈ రంగంలో జరగవలసినంత చర్చ జరగడం లేదు. పాత ఉత్తరాలు, ఫొటోలు, డైరీ కాగితాలు కొలాజ్‌లో వాడటం ఇప్పుడు బాగా వ్యాపించింది. ఒకరి చేతిరాత చిత్రంలోకి రాగానే దానికి వెచ్చదనం వస్తుందనడంలో సందేహం లేదు. కానీ ఆ రాసినవారు మన చిత్రంకోసం రాయలేదు. ఫలానావారు ఫలానావారికి అప్పు ఉన్నారనీ, ఫలానా అమ్మాయి పెళ్లి తప్పిపోయిందనీ ఉన్న కాగితాన్ని ‘టెక్స్చర్’ కోసం అతికించి, ఫొటో తీసి, ఎవరైనా పెద్దది చేసి చదువుకునేలా పంచిపెట్టడం నాకు ససేమిరా సమ్మతం కాదు. నా పద్ధతి ఇది: ఊరూ పేరూ కనబడే చోట రంగు పూత వేస్తాను, లేదా కాగితాన్ని తలకిందులుగా అతికించి అక్షరాల ఊపును మాత్రం ఉంచుతాను. ఇలా చేస్తే నిజాయితీ తగ్గుతుందని ఒక మిత్రుడు వాదిస్తాడు. కప్పిన పొర కూడా పొరే, దాన్ని కప్పామని చెప్పినంతకాలం నిజాయితీకి లోటేమీ లేదని నేనంటాను.

అసలు కాగితాన్నే వాడాలా, దాని నకలు వాడాలా అన్నది దీనికి అనుబంధమైన తగవు. మళ్లీ దొరకని ఫొటోనూ ఉత్తరాన్నీ జిగురులో ముంచడం నాకు మనస్కరించదు. వాటిని స్కాన్ చేసి, నూలు గుజ్జుతో చేసిన కాగితం మీద రంగుపొడి కణాలుండే పిగ్మెంట్ సిరాతో అచ్చుతీసి వాడతాను. మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్లలో ఎక్కువగా వాడే, రంగు పూర్తిగా కరిగి ఉండే డై సిరా తడి మీడియం తగలగానే పాకుతుంది, వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది. పిగ్మెంట్ సిరా ఆ రెండింటికీ చాలావరకు తట్టుకుంటుంది. నకలు వాడితే ‘ఆత్మ పోతుంది’ అని పెదవి విరిచేవారు ఉన్నారు. మరి పికాసో అతికించిన ఆ నూనెగుడ్డ మీద పేము అల్లిక ఉందా? అచ్చు ఉంది. బ్రాక్ కాగితంలో చెక్క ఉందా? లేదు. ఈ ప్రక్రియ నకలుతోనే పుట్టింది. నకలును అసలు అని చెప్పుకున్నప్పుడే పేచీ, చిత్రం కింద ‘పాత ఫొటో’ అని రాసి వీక్షకుణ్ణి నమ్మించడం మీదనే నా అభ్యంతరం.

ఇక మీదట నా చిత్రాలు పంచుకున్నప్పుడల్లా మూడు ఫొటోలు పెట్టాలని నిశ్చయించుకున్నాను. ఒకటి అందరూ పెట్టే ఎదుటి ఫొటో. రెండవది పక్కనుంచి తక్కువ ఎత్తులో దీపం పెట్టి తీసినది; కాగితం ఎక్కడ లేచిందో, రంగు ఎక్కడ దిబ్బకట్టిందో, ఎక్కడ గోరుతో గీకామో ఆ వెలుతురులో దాగదు. మూడవది పలక వెనకవైపు, అక్కడే వాడిన వస్తువుల జాబితా, తేదీ, పొరల వరుస పెన్సిలుతో రాసి ఉంటాయి. ప్రదర్శన కోసం చిత్రాలు పంపినప్పుడు ‘ప్రేరణ: వంద పదాలకు మించకుండా’ అనే గడి ఒకటి నింపమంటారు. కిందటిసారి ఆ గడిలో నేను టిష్యూ నమూనాల మీద అయిదు సైజుల గీతలు ఎందుకు ఉంటాయో రాశాను. నిర్వాహకులు దాన్ని తిప్పిపంపి, ఇంకొంచెం వ్యక్తిగతంగా రాయమన్నారు. నేను కాగితం కొలతలూ, అది తడిసినప్పుడు సాగిన దిశా అదనంగా చేర్చి పంపాను.